ముగ్గు కీబోర్డు

మా బొగ్గరపాడు ఉన్నత పాఠశాలకు జిల్లాలోకెల్లా పేరుమోసిన పేదబడి అన్న హోదా ఎలా వచ్చిందని చాలామంది అడుగుతుంటారు. అందులో మా గొప్పేమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. పేదరికం మాకు మొదటినుంచీ ఉన్నదే. పేరు మాత్రం దాతల చలవ.

సంగతి ఒక పాఠంతో మొదలైంది. ఎనిమిదో తరగతి పుస్తకంలో కంప్యూటర్ గురించి ఒక పాఠం ఉంది. దాని చివర, "కీబోర్డును పరిశీలించి మీటల స్థానాలను గుర్తించండి" అని ఉంది. ఏ కీబోర్డును పరిశీలించాలో రాసినవారు చెప్పలేదు. మా బడిలో కంప్యూటర్ లేదు. కరెంటు అప్పుడప్పుడూ ఉండేది. నా పేరు మాలకొండయ్య, లెక్కలు చెబుతాను. లెక్కలు వచ్చినవాడికి ఫ్యాను బాగుచేయడం, పెళ్ళిళ్ళలో మైకు సరిచేయడం కూడా వచ్చి ఉంటాయని మా ఊళ్ళో ఒక నమ్మకం. ఆ లెక్కన కంప్యూటర్ పాఠం కూడా నా నెత్తినే పడింది.

నేను ఆయా కోటమ్మ దగ్గర డబ్బాడు ముగ్గు తీసుకుని వరండా ముందు నేల మీద పెద్ద కీబోర్డు గీశాను. ఒక్కో మీట పిల్లల పాదమంత. నేను అక్షరం చెబితే వాళ్ళు తొక్కుడుబిళ్ళ ఆడినట్టు ఒంటికాలి మీద ఎగిరి ఆ మీటలో పడాలి. గీత తొక్కితే అవుట్. కొబ్బరిచిప్పకు పురికొస కట్టి మౌస్ అన్నాను. పిల్లలు నమ్మలేదు గానీ, నా మొహం చూసి ఒప్పుకున్నారు. నెల తిరిగేసరికి ఏ అక్షరం పక్కన ఏది ఉంటుందో వాళ్ళ కాళ్ళకు కంఠతా వచ్చేసింది.

ఈ ఆటకు పిల్లలే ఒక నియమం చేర్చుకున్నారు. గంట కొట్టబోయే ముందు ఎవరో ఒకరు పరుగెత్తి డిలీట్ మీట మీద నిలబడతారు. నిలబడినవాళ్ళు దిగరు. అది చూడగానే మిగతావాళ్ళంతా ఒక్క కేకపెట్టి ముగ్గు మీద పడి కాళ్ళతో చెరిపేస్తారు. నిజం చెప్పాలంటే పాఠం మొత్తంలో వాళ్ళకు నచ్చిన భాగం అదే. వారం తిరిగాక మళ్ళీ కొత్త ముగ్గు. నాకు నడుం నొప్పి అని గొణిగితే కోటమ్మ ఒప్పుకునేది కాదు. "ముగ్గన్నాక చెరిగిపోవాల, మళ్ళా ఎయ్యాల. చెరగకుండా ఉంటే అది సమాధి మీద రాతవుద్ది సార్" అనేది.

ఆ ఏడే నైమిష గారు మా ఊరికి దయచేశారు. ఆమెది హైదరాబాదు. 'అందరి తెర ఫౌండేషన్' అని ఒక సంస్థను నడుపుతున్నారు. బళ్ళలో డిజిటల్ అంతరాన్ని పూడ్చడం ఆ సంస్థ ఆశయం. దారితప్పి మా బడి ముందు కారు ఆపారు. సరిగ్గా అప్పుడు మా కెజియా ఎంటర్ మీట మీదికి ఎగురుతోంది.

కెజియా గురించి ఇక్కడే చెప్పాలి. తల్లి సంతోషమ్మ మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. తండ్రి లేడు. పిల్ల చూడటానికి చీపురుపుల్లలా ఉంటుంది గానీ, లెక్క ఇస్తే తేలేదాకా అన్నం ముట్టదు. నా సర్వీసులో అలాంటి బుర్రను ఇంకోదాన్ని చూడలేదు. ఆ మాట ఆమె ముందు ఎప్పుడూ అనలేదు, అంటే చెడిపోతుందని.

నైమిష గారు కారు దిగకుండానే ఫొటో తీశారు. నేలమీద తెల్లటి కీబోర్డు, గాలిలో చెప్పుల్లేని పిల్ల. దిగి వచ్చి కళ్ళు తుడుచుకున్నారు.

"ఎంత అథెంటిక్‌గా ఉందో! మాస్టారూ, ప్లీజ్, మీరు ఈ లేమిని ఇలాగే ఉంచండి. దేన్నీ ముట్టుకోకండి" అన్నారు.

ముట్టుకోవడానికి మా దగ్గర ఏముందని? అలాగేనన్నాను.

పది రోజులు తిరక్కముందే ఆ ఫొటో దేశమంతా తిరిగింది. కింద ఒక వాక్యం: "ఈ చిన్నారి కీబోర్డుకు తీగ లేదు. మీ మనసే దానికి తీగ." విరాళాలు వరదలా వచ్చాయట. మా పిల్లల కోసం హైదరాబాదులో పెద్దవాళ్ళు తెల్లవారుజామునే లేచి ఖరీదైన బూట్లు వేసుకుని పరుగెత్తారు. పరుగెత్తినవాళ్ళకు మా ముగ్గు అచ్చువేసిన బనియన్లు ఇచ్చారు. ఒక పెద్ద హోటల్లో విందు చేసి, ముగ్గు కీబోర్డు అంచుగా నేసిన పట్టుచీరను వేలం వేశారు. ప్రభుత్వం కూడా ముచ్చటపడి, వచ్చిన విరాళానికి అంతే గ్రాంటు కలుపుతామంది.

మా హెడ్మాస్టరు వల్లూరయ్య గారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. "మనకెందుకొచ్చిన గొడవ" అన్నది ఆయన ఊతపదం. అలాంటాయన కూడా హుషారుగా పాత సామాన్ల గది ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, కంప్యూటర్ల కోసం బల్లలు వేయించారు. ఒకరోజు కంప్యూటర్ల లారీ రానే వచ్చింది. పిల్లలు గేటు దాకా పరుగెత్తారు. డ్రైవరు దిగి మంచినీళ్ళు తాగి, పక్క ఊరి బడికి దారి అడిగి వెళ్ళిపోయాడు. ఆ నెలంతా లారీలు వచ్చాయి. మండలంలో బళ్ళన్నిటికీ కంప్యూటర్లు వెళ్ళాయి, అన్నీ మా గేటు ముందునుంచే. మా కోటమ్మ నీళ్ళ బిందె గేటు దగ్గరే పెట్టేసింది.

ఇదేమి న్యాయమని అడగడానికి నేను డిజిటల్ అంతర నివారణ విభాగం జిల్లా సమన్వయాధికారి చిదానందమూర్తి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మాట్లాడితే జీవో చదివినట్టే ఉంటుంది. కాఫీ అడిగినా "పైన పేర్కొన్న పానీయము" అంటారని వాళ్ళ ఆఫీసులో చెప్పుకుంటారు.

"మాస్టారూ, మీరు ఆవేశపూరితంగా మాట్లాడుచున్నారు. నేను విధానపరంగా వివరిస్తాను" అన్నారాయన. "నిధులకు మూలం ఛాయాచిత్రం. ఛాయాచిత్రానికి మూలం ముగ్గు. ముగ్గుకు మూలం మీ పాఠశాలలో కంప్యూటర్ లేకపోవడం. మీకు కంప్యూటర్ మంజూరు చేసినచో మూలమే నశించును. తత్ఫలితంగా ఇతర పాఠశాలల బాలబాలికలకు జరుగు నష్టానికి బాధ్యులెవరు?"

"ఎవరండీ?"

"తమరే."

ఇంత పాపం నేను చేయబోయానని నాకు అప్పటిదాకా తెలియదు.

"అంతరమనేది ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటేనే కదా మాస్టారూ, మిగతాచోట్ల దానిని నివారించగలం! ఆ గౌరవం మీ పాఠశాలకు దక్కింది" అని ఆయన లేచి నాతో కరచాలనం చేశారు. వారంలో ఉత్తర్వు వచ్చింది. మా బడి 'ప్రతీక పాఠశాల'. అందులోని లేమిని యథాతథంగా కాపాడే బాధ్యత ప్రధానోపాధ్యాయునిది.

"నా సర్వీసులో ఉన్నదాన్ని కాపాడమన్నారు గానీ, లేనిదాన్ని కాపాడమన్నది ఇదే మొదలయ్యా" అన్నారు వల్లూరయ్య గారు. అని, ఉత్తర్వుకు నమస్కారం పెట్టి ఫైల్లో పెట్టారు.

కాపాడటం మొదలైంది. ముందుగా ముగ్గు చెరపరాదన్నారు. నేల మీద సిమెంటు పోసి, ముగ్గును తెల్లరంగుతో వేసి, పైన వార్నిష్ పూశారు. డిలీట్ మీట మీదికి ఎవరూ వెళ్ళకుండా చుట్టూ ఇనుప కంచె నాటారు. ఎండకు రంగు వెలుస్తుందని రేకుల కప్పు వేశారు. తొమ్మిదో తరగతి గది కప్పు కారుతోందని, ఆ మిగిలిన రేకులు అటు వేయించమని అడిగాను. ముగ్గుకు కేటాయించిన రేకులు మనుషులకు మళ్ళించరాదని జవాబొచ్చింది. వానొస్తే తొమ్మిదో తరగతి ముగ్గు కిందికి, అంటే ముగ్గు కప్పు కిందికి వెళ్ళి నిలబడేది. కూర్చోవడానికి లేదు, రంగు పోతుంది.

తరువాత దాతలకు నమ్మకం కలగాలని కెమెరాలు పెట్టారు. వాళ్ళు ఏ దేశంలో ఉన్నా, ఏ వేళనైనా మా పిల్లలు ఎగరడం ప్రత్యక్షంగా చూడవచ్చు. కెమెరాల కోసం కరెంటు వచ్చింది, ఇరవైనాలుగు గంటలూ. నెట్ వచ్చింది. వల్లూరయ్య గారు సున్నం కొట్టించిన గదిలో పెద్ద కంప్యూటర్ కూడా వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చిదానందమూర్తి గారు వేలెత్తి ఆపారు.

"అది వీక్షణ సామగ్రి. బోధన సామగ్రి కాదు. విద్యార్థులు దానిని చూచుట నిషిద్ధం. దాని ద్వారా విద్యార్థులను చూచుట మాత్రమే అనుమతింపబడినది."

పిల్లలు కిటికీలోంచి తొంగిచూస్తున్నారని అద్దాలకు పాత పేపర్లు అంటించారు. ఇప్పుడు మా బడిలో కరెంటుంది, నెట్టుంది, కంప్యూటరుంది. లేనిదల్లా మేమే.

ఇంకో దాత బడి పిల్లలందరికీ బూట్లు పంపాడు. కెజియాకు మాత్రం ఇవ్వలేదు. ఫొటోలో ఆమె కాళ్ళు ఖాళీగా ఉన్నాయి కాబట్టి అవి అలాగే ఉండాలి. "సార్, నాది పెద్ద ఉద్యోగమే అయిపోయింది. చెప్పులేసుకుంటే సస్పెండు చేస్తారంట" అంది ఆ పిల్ల నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. ఎండాకాలం రేకుల కింద కాగిన ఆ సిమెంటు మీద ఆ పిల్ల ఎగురుతుంటే నా అరికాళ్ళు కాలేవి.

ఇంతలో మరో ఇబ్బంది వచ్చింది. కెజియా పెరుగుతోంది. తొమ్మిది దాటి పదికి వచ్చేసరికి ఆమె పాదం మీటలో పట్టడం లేదు. దాతల నుంచి ఫిర్యాదులు వచ్చాయి, పిల్ల మునుపటంత చిన్నగా లేదని. దీనిపై హైదరాబాదులో ఒకరోజంతా సమావేశం జరిగింది. పిల్లను చిన్నదిగా చేయడం సాధ్యం కాదని నిపుణులు తేల్చారట. కాబట్టి ముగ్గును పెద్దది చేయాలని తీర్మానించారు.

అప్పుడే ఒంగోలులో ఆడపిల్లలకు ఒక గురుకుల కాలేజీ ఉందని, అందులో సీటొస్తే చదువూ తిండీ గదీ అన్నీ ఉచితమని కెజియా తెలుసుకుంది. రాకపోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. సంతోషమ్మ ఎప్పుడో చెప్పేసింది, పదో తరగతి అయ్యాక తనతోపాటు పలకల ఫ్యాక్టరీకి రావాల్సిందేనని. ఆమె తప్పు కాదు. రాతి దుమ్ముకు ఆమె దగ్గు అప్పటికే మా వీధి దాకా వినిపించేది.

చిక్కల్లా, ఆ కాలేజీ ప్రవేశ పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి.

"సార్, ఒక్కసారి నిజం కీబోర్డు మీద చెయ్యి పెట్టి చూడాల" అంది కెజియా. "నా కాళ్ళకు అన్నీ తెలుసు. చేతులకే ఏందీ తెలీదు."

ఆ ఆదివారం ఆమెను మార్కాపురం తీసుకువెళ్ళాను. బస్టాండు ఎదురుగా మస్తాన్‌ది ఒక నెట్ సెంటర్ ఉంది. లోపలికి అడుగుపెట్టగానే కౌంటరు మీద కెజియా కనిపించింది. అంటే కెజియా ఫొటో. ఫౌండేషన్ వారి విరాళాల డబ్బా. "ఈ చిన్నారి కంప్యూటర్ చూడలేదు. మీరు చూపించగలరు" అని రాసి ఉంది. డబ్బా పక్కనే ఖాళీ కంప్యూటర్ ఉంది.

"గంటకు ముప్ఫై" అన్నాడు మస్తాన్, పిల్ల వంక చూడకుండానే.

కెజియా కూర్చుంది. మొదట కొబ్బరిచిప్పను పురికొసతో లాగినట్టు మౌస్‌ను తీగ పట్టుకుని లాగింది. తరువాత నాలిక కరుచుకుని అరచేయి పెట్టింది. తన పేరు కొట్టాలి. కె ఎక్కడుందో తెలుసు. కానీ ముందు బల్ల కింద కుడికాలు కదిలేది, ఆ తరువాత వేలు వెళ్ళేది. కాలు, వేలు. కాలు, వేలు. తెర మీద పేరు వచ్చేసరికి ఆ పిల్ల మొహం చూడాలి!

ఇంతలో జిరాక్స్ కోసం వచ్చిన ఒక పెద్దాయన డబ్బాలో పది రూపాయలు వేసి, "పాపం, ఇట్టాంటి పిల్లలు గూడా ఉన్నారు చూడు" అని, కుర్చీ వెనక తిరగడానికి అడ్డంగా ఉందని కెజియాను కాస్త జరగమన్నాడు. ఆమె జరిగింది.

మస్తాన్ ఆయన మాట విని డబ్బా వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. "అయ్య బాబోయ్, నువ్వా! లెయ్యమ్మా, లెయ్. నిన్ను కంప్యూటర్ కాడ ఎవురన్నా చూస్తే ఈ డబ్బాలో ఎవురేస్తారు? వాళ్ళు నాకు కమీషనిస్తన్నారు సార్" అన్నాడు. లేపేముందు మాత్రం పక్కన నిలబడి ఒక సెల్ఫీ తీసుకున్నాడు. ముప్ఫై రూపాయలూ తిరిగివ్వలేదు.

ఆ సెల్ఫీ సాయంత్రానికల్లా నైమిష గారికి చేరింది. మర్నాడు ఆమె, చిదానందమూర్తి గారు కలిసి దిగారు. నేను వల్లూరయ్య గారి గదిలో నిలబడ్డాను, కెజియా గుమ్మం దగ్గర.

"మాస్టారూ, ఎంతమంది దాతలు హర్ట్ అయ్యారో తెలుసా మీకు?" అన్నారు నైమిష గారు. "కెనడా నుంచి ఒకాయన మనీ బ్యాక్ అడుగుతున్నాడు."

చిదానందమూర్తి గారు నాకు మెమో ఇచ్చారు. లేమికి నష్టం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

"ఇవ్వండి సార్, మెమో ఇవ్వండి. ఇంకో రెండు కూడా ఇవ్వండి. కానీ ఈ పిల్లకు పరీక్ష ఉంది. మీ వీక్షణ గదిలో ఉన్న కంప్యూటర్ రోజూ ఒక గంట ఇవ్వండి. పేపర్లు అంటించే ఉన్నాయి, ఎవరూ చూడరు" అన్నాను. నా గొంతు కొంచెం పెద్దదైంది. పెద్దదయిందని ఒప్పుకుంటాను, తప్పని ఒప్పుకోను.

చిదానందమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సదరు బాలిక పరీక్ష వ్రాయుటకు మాకు అభ్యంతరం లేదు. పైగా సంతోషం. ఉత్తీర్ణురాలైనచో కంప్యూటర్ లేకుండా ముగ్గుతోనే విజయం సాధ్యమని రుజువగును. అప్పుడు ముగ్గు పథకాన్ని రాష్ట్రమంతటా విస్తరింపజేస్తాము. అనుత్తీర్ణురాలైనచో అంతరం ఎంత లోతైనదో రుజువగును. అప్పుడు నిధులు రెట్టింపగును. ఏ విధంగా చూచినా పథకానికి అపజయం లేదు."

గుమ్మం దగ్గరనుంచి కెజియా అడిగింది. "అంటే నేను పాసైతే మన బడికి కంప్యూటర్ రాదా సార్?"

"రాదమ్మా" అన్నాను.

"ఫెయిలైతే?"

"అప్పుడూ రాదు."

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. లెక్క ఇచ్చినప్పుడు ఆలోచించినట్టే ఆలోచించింది. "అయితే పాసైతాలే సార్" అంది.

వాళ్ళు వెళ్ళాక వరండాలో నన్ను మళ్ళీ పట్టుకుంది. "సార్, ఆ ముగ్గు లేకపోతే గదిలో కంప్యూటర్ను ఏం చేస్తారు?"

"చూడటానికి ముగ్గే లేకపోతే ఇంకేం చేస్తారమ్మా, ఊరికే పడి ఉంటుంది" అన్నాను. నా తలకు అప్పటికీ ఏమీ తట్టలేదు. లెక్కల మాస్టార్లకు జీతం ఎందుకిస్తారో నాకూ తెలియదు.

కెనడా దాత అలక తీర్చడానికి 'ముగ్గు మహోత్సవం' ప్రకటించారు. ఎలాగూ ముగ్గును పెంచాల్సి ఉంది కాబట్టి, ప్రపంచంలోకెల్లా పెద్ద ముగ్గు కీబోర్డు మా బడి ఆవరణలో వేయాలని నిర్ణయించారు. పాత రంగు ముగ్గును గునపాలతో పెళ్ళగించారు. రేకుల కప్పు విప్పేశారు, ఇనుప కంచె పీకేశారు. నేలంతా చదును చేసి పేడతో అలికించారు. ఈసారి రంగు వద్దు, సిసలైన ముగ్గే కావాలి, కెమెరాకు అదే బాగుంటుందని నైమిష గారి ఆదేశం. లారీడు ముగ్గు దిగింది. మా గేటు లోపలికి వచ్చి ఆగిన మొదటి లారీ అదే.

పొదుపు సంఘాల ఆడవాళ్ళు ముగ్గు వేయడానికి వచ్చారు. ఫొటోలో ఉన్నది ఉన్నట్టు వేయాలి, ఒక్క గీత తేడా రాకూడదని చిదానందమూర్తి గారి ఉత్తర్వు. ఆ ఫొటో కంచె నాటకముందు తీసింది. అందులో డిలీట్ మీట ఉంది. వాళ్ళు ఉన్నది ఉన్నట్టే వేశారు, ఒక్కో మీట మంచమంత.

ఆ ఉదయం ఆవరణ తెల్లగా మెరిసిపోయింది. షామియానా కింద ముఖ్య అతిథి, ఆయన చుట్టూ దాతలు, దాతల చుట్టూ కెమెరాలు. బూట్లు వేసుకున్న పిల్లలందరినీ ముగ్గు చుట్టూ వరుసల్లో కూర్చోబెట్టారు. చిదానందమూర్తి గారు మైకు అందుకుని, "అంతరం మన ఉమ్మడి ఆస్తి" అంటూ మొదలుపెట్టి, ఎండ షామియానా కిందికి వచ్చేదాకా మాట్లాడారు. వేల మైళ్ళ దూరంలో దాతలు ప్రత్యక్షంగా చూస్తున్నారని నైమిష గారు చెప్పారు. కెజియా ఇప్పుడు తన పాదాలతో వాళ్ళకు 'థాంక్యూ' అని ఇంగ్లీషులో రాస్తుందన్నారు.

కెజియా వచ్చింది. చెప్పులు లేవు. మీటలు మంచాలంతయ్యాయి కదా, ఒక దాని నుంచి ఇంకోదానికి నిజంగానే లంఘించాల్సి వచ్చింది.

"టీ!" అన్నారు పిల్లలు వరుసల్లోంచి. వాళ్ళకు చదవడం వచ్చు కదా. "హెచ్! ఏ! ఎన్! కే!"

కెనడా ఆయన కూడా చూస్తున్నాడని నైమిష గారు సంతోషంగా నా చెవిలో చెప్పారు.

కెజియా అడుగున ఉన్న పొడుగుపాటి స్పేస్ మీట మీదికి దిగింది. అక్కడ ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు వై మీదికి ఎగరాలి. ఎగరలేదు. ముగ్గు గీతలు తొక్కకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ కుడివైపు మూలకు వెళ్ళింది. డిలీట్ మీద నిలబడింది.

దిగలేదు.

షామియానా కింద అంతా చప్పట్లు కొట్టారు. వై అక్కడే ఉంటుందనుకున్నారు కాబోలు. పిల్లలకు మాత్రం వై ఎక్కడుంటుందో తెలుసు. రెండేళ్ళుగా ఎవరూ ఆ మీట మీద నిలబడలేదు. ఆరో తరగతి వాళ్ళయితే వినడమే గానీ చూడలేదు. అందరూ కెజియాను చూశారు. కెజియా వాళ్ళను చూసింది. ఆ తరువాత వచ్చిన కేక ఎలాంటిదంటే, బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ టోపీ పట్టుకున్నాడు.

బడి మొత్తం ముగ్గు మీద పడింది. దాతలిచ్చిన బూట్లు మొదటిసారి సరిగ్గా పనికొచ్చాయి. క్యూ నుంచి పీ దాకా ఒక్క ఊపులో పోయింది. లారీడు ముగ్గు ఆవరణ మీదికి లేచింది. షామియానా కనిపించలేదు. "నిలుపుదల చేయుడు! తక్షణమే నిలుపుదల చేయుడు!" అన్న మాటలు మాత్రం మైకులో వినిపించాయి, తరువాత దగ్గు. దుమ్ము అణిగేసరికి ముఖ్య అతిథి, నైమిష గారు, చిదానందమూర్తి గారు ఎవరెవరో గుర్తుపట్టడానికి లేకుండా ఒకే రంగులో కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య ఏ అంతరమూ కనిపించలేదు. కోటమ్మ చీపురు పట్టుకుని, "చూసినారా, ఇప్పుడు ముగ్గులాగుంది" అంది.

విదేశాల్లో దాతలకు తెర తెల్లబడి, మరేమీ కనిపించలేదట. నెట్‌వర్క్ సమస్య అనుకుని, దాని నివారణకు కూడా విరాళాలు పంపారని తరువాత తెలిసింది.

మా బడి ప్రతీక హోదా రద్దయింది. ఫౌండేషన్ వారు పక్క మండలంలో, పిల్లలు అగ్గిపెట్టెలతో సెల్‌ఫోన్లు చేసుకుని ఆడుకునే బడిని కనిపెట్టి అటు వెళ్ళిపోయారు. వారం తరువాత చిదానందమూర్తి గారు కంప్యూటర్ తీసుకుపోవడానికి వ్యాను వేసుకొచ్చారు. వీక్షణ సామగ్రి వాపసు తీసుకోవాలంటే, వీక్షించబడు ముగ్గు క్షేమంగా ఉన్నదని ప్రధానోపాధ్యాయుడు ధ్రువీకరించాలి. అది ఆయన రాసిన నియమమే.

ఆయన కాగితం ముందుకు జరిపారు. "సంతకం చేయండి వల్లూరయ్య గారూ."

వల్లూరయ్య గారు కాగితం చదివారు. కిటికీలోంచి ఆవరణ చూశారు. మళ్ళీ చదివారు. "ముగ్గు లేదు గదండీ. లేని ముగ్గు క్షేమంగా ఉందని ఎట్టా రాసేది? రిటైరయ్యే ముందు నాకు పెన్షన్ ఎగ్గొట్టాలని చూస్తన్నారా?"

"అయితే సామగ్రి పరిస్థితి ఏమిటి?"

"మీరే చెప్పండి. దానికి ఉత్తర్వేమన్నా ఉందా?"

చిదానందమూర్తి గారు ఆలోచించారు. వ్యానులో కూర్చుని కూడా ఆలోచించారు. ముగ్గు లేని చోట వీక్షణ సామగ్రిని ఏమనాలో ఏ ఉత్తర్వులోనూ లేదు. పైకి రాసి స్పష్టత కోరతానని చెప్పి వెళ్ళిపోయారు. ఆ స్పష్టత ఇప్పటికీ రాలేదు.

వ్యాను గేటు దాటగానే మా హెడ్మాస్టరు లేచి, నన్ను పిలవకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఆ గది దగ్గరికి వెళ్ళి, కిటికీ అద్దాల మీద పాత పేపర్లు గోళ్ళతో గీకి పీకేయడం మొదలుపెట్టారు. "మనకెందుకొచ్చిన గొడవ సార్" అన్నాను, ఉండబట్టలేక. "నువ్వు నోర్ముయ్యవయ్యా. ఆ పిల్లను పిలు" అన్నారు. ఆయన మీద నాకున్న చిన్నచూపు ఆ నిమిషంలో పోయింది.

పరీక్షకు ఇంకా కొన్నాళ్ళే ఉంది. కెజియా బడి వదిలాక చీకటిపడేదాకా ఆ గదిలోనే ఉండేది. ఆమె వెనక చిన్నపిల్లలంతా గుంపుగా నిలబడి, తప్పు కొడితే "గీత తొక్కావక్కా, అవుట్" అని అరిచేవాళ్ళు.

పరీక్ష రోజు నేనూ సంతోషమ్మా ఒంగోలులో ఆ కాలేజీ గేటు బయట నిలబడ్డాం. సంతోషమ్మ ఆ రోజు ఫ్యాక్టరీ మానేసి, దారిలో కూతురికి చెప్పులు కొనింది. కెజియా బయటికి వచ్చింది. వెనకే పరీక్ష హాలు మేడమ్ కూడా వచ్చారు. "ఈ అమ్మాయి మీ పిల్లేనా? కాళ్ళకేమన్నా జబ్బా? రెండు గంటలూ చెప్పులు విడిచేసి బల్ల కింద కాళ్ళాడిస్తూనే ఉంది. ఎన్నిసార్లు చెప్పినా ఆపదే!" అన్నారు.

"జబ్బు కాదండీ, చదువు" అన్నాను.

"ఎట్టా రాశావే?" అని తల్లి అడిగింది.

కెజియా చెప్పులు వేసుకుంటూ, "అన్నీ కొట్టా మా" అంది. తరువాత నా వైపు తిరిగింది. "డిలీట్ కాడ మాత్రం కాలు తగలకుండా చూసుకున్నా సార్."

సీటొచ్చింది.